పగడము: అసలు ఏది? నకిలీ ఏది?

తెలుగువారి ఇండ్లలో పగడము చిన్న వస్తువే గాని దాని స్థానము చిన్నది కాదు. నల్లపూసల పేరులో ముత్యముతోపాటు పగడమును కూర్చుట చాల కుటుంబములలో ఆచారము. నవరత్నములలో అది యొకటి. కుజగ్రహ శాంతికని పగడపుటుంగరము ధరించువారు అనేక గ్రామములలో కనిపింతురు. ఆ నమ్మకమును గూర్చి మేము చర్చింపబోము. ఎవరి ఇష్టము వారిది. కాని పగడమని చెప్పి డబ్బు పుచ్చుకొన్న వర్తకుడు పగడమునే ఇచ్చెనా, లేక ఎఱ్ఱని గాజుముక్కను ఇచ్చెనా అనునది న్యాయమునకు సంబంధించిన ప్రశ్న.

పంట అమ్మిన డబ్బు చేతికి వచ్చిన రోజులలోనే పెండ్లి ముహూర్తములు, జాతరలు, తిరునాళ్లు వచ్చును. రత్నములని చెప్పి ఊరూర తిరిగి అమ్మువారు కూడ ఆ రోజులలోనే ఎక్కువగా వత్తురు. మోసపోయినవారు ముందుగా పంచాయతీ సభ్యుని గడప తొక్కుదురు. అన్నదమ్ముల పంపకములలో తల్లి పగడాల పేరుకు వెల కట్టవలసి వచ్చినను, తాకట్టు పెట్టిన నగలో పగడము మారినదని తగవు వచ్చినను పిలుపు సభ్యులకే వచ్చును. అట్టి వేళ తొందరపడి పలికిన మాట ఒకరికి నష్టమును, మరొకరికి అపనిందను తెచ్చును. కావున పగడమును పరీక్షించు పద్ధతులను, ఆ పద్ధతుల హద్దులను ఇక్కడ వివరించుచున్నాము.

ముందుగా ఒక సూత్రము మనసున నుంచుకొనవలెను. ఇంటివద్ద చేయదగిన పరీక్షలు ‘ఇది పగడము కాదు’ అని చెప్పగలవు. ‘ఇది పగడమే’ అని నిశ్చయముగా చెప్పలేవు. ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క ప్రశ్నకే జవాబిచ్చును.

పగడమనగా నేమి?

పగడము భూమిలో దొరకు రాయి కాదు. సముద్రపు అడుగున రాళ్లను అంటుకొని గుంపులుగా జీవించు అతి చిన్న ప్రాణులు తమకు ఆధారముగా కట్టుకొన్న ఎముకవంటి కొమ్మయే పగడము. చూచుటకు ఆకులులేని చిన్న చెట్టువలె నుండును. నగలలో వాడు ఎఱ్ఱ పగడము ముఖ్యముగా మధ్యధరా సముద్రములో దొరకును. జపాను, తైవాను సముద్రములలో దొరకు జాతులు కూడ విపణిలోనికి వచ్చును. ఇటలీలో నేపుల్సు నగరమునకు సమీపమునగల టోరే డెల్ గ్రెకో పట్టణము పగడమును చెక్కి సానపట్టు పనికి పేరు పొందినది.

ఈ కొమ్మ చాల మెల్లగా పెరుగును. ఒక సంవత్సరములో దాని లావు ఒక మిల్లీమీటరైనను పెరగదు. బఠాణీ గింజంత పూస తీయదగిన కొమ్మ తయారగుటకే ఎన్నో ఏండ్లు పట్టును. లావైన, మచ్చలేని, నిండు ఎఱుపుగల పగడమునకు వెల ఎక్కువగుటకు కారణమిదియే. నకిలీలు పుట్టుటకు కారణమును ఇదియే.

పగడపు పదార్థములో అధిక భాగము కాల్షియం కార్బొనేటు. సున్నపురాయి, పాలరాయి, ముత్యపుచిప్ప, కోడిగ్రుడ్డు పెంకు గూడ ముఖ్యముగా ఆ పదార్థముతో నైనవే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. పరీక్షలలో చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మన దేశమునకు వచ్చిన దారి

పగడము మనకు ప్రాచీనకాలమునుండి దిగుమతి సరుకే. కౌటిల్యుని అర్థశాస్త్రములో, బొక్కసమున చేర్చదగిన రత్నములను పరీక్షించు అధ్యాయమున పగడము ప్రవాళమను పేరుతో పేర్కొనబడినది. క్రీస్తుశకము మొదటి శతాబ్దపు రోమను రచయిత ప్లినీ, రోమనులకు భారతదేశపు ముత్యములు ఎంత ప్రియమో భారతీయులకు పగడములు అంత ప్రియమని వ్రాసెను. 17, 18 శతాబ్దములలో ఇటలీలోని లివోర్నో రేవునుండి లండనుకును, అచటినుండి ఈస్టిండియా కంపెనీ ఓడలలో మద్రాసుకును పగడములు వచ్చుచుండెడివి. వాటిని అమ్మిన సొమ్ముతో వర్తకులు ఇచ్చట వజ్రములను కొని ఐరోపాకు పంపుచుండిరి. గోల్కొండ వజ్రములకు, మధ్యధరా పగడములకు ఆ విధముగా లంకె కుదిరినది. చెన్నై జార్జిటౌనులో పగడాల వర్తకుల పేరుతో ఒక వీధి నేటికిని కలదు.

ఈ చరిత్ర కొనుగోలుదారునకు కూడ ఉపయోగించును. ‘ఇది మన సముద్రములోనే తీసినది, దళారులు లేరు గనుక చౌక’ అని ఎవరైన చెప్పినచో అనుమానింపవలెను. మన దేశమున అండమాను, లక్షద్వీపములలోను, మన్నారు, కచ్ సింధుశాఖలలోను పగడపు దిబ్బలు కలవు. కాని ఆ దిబ్బలను కట్టు జాతులు నగలలో వాడు ఎఱ్ఱ పగడము కావు. అవి 2001 నుండి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రింద రక్షణ పొందియున్నవి. వాటిని తీయుట, అమ్ముట నేరము.

నకిలీలు ఎన్ని విధములు?

మొదటి విధము, పగడముతో ఏ సంబంధమును లేని వస్తువులు: ఎఱ్ఱని గాజు, ప్లాస్టిక్, రంగువేసిన ఎముక.

రెండవ విధము, పగడమువంటి పదార్థమే గాని పగడము కానివి: రంగువేసిన పాలరాయి, రంగువేసిన చిప్ప. కాల్షియం పదార్థముతో కర్మాగారములో తయారుచేసి, గిల్సన్ పగడమను పేరుతో అమ్మునది కూడ ఈ కోవలోనిదే. పగడపు పొడిని బంకతో కలిపి అచ్చుపోసినవి కూడ కలవు.

మూడవ విధము, జాతి వేరైన చౌక పగడమునకు రంగువేసినవి. వెదురు పగడమను తెల్లని జాతి యొకటి కలదు; దాని కొమ్మకు వెదురువలె కణుపులుండును. దానిని ఎఱ్ఱ రంగులో నానబెట్టి, సానపట్టి పూసలు చేయుదురు. ఇవి అన్నిటికంటె పోల్చుటకు కష్టమైనవి.

నకిలీని నకిలీయని చెప్పి, తగిన చౌక ధరకు అమ్ముటలో తప్పు లేదు. ఎఱ్ఱని గాజుపూస వేసికొనుటకు ఎవరును సిగ్గుపడనక్కరలేదు. అసలని చెప్పి అసలు ధర పుచ్చుకొనుటయే మోసము.

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు

1. భూతద్దముతో చూచుట. పదిరెట్లు పెద్దదిగా చూపు చిన్న భూతద్దము చాలును. దీనివలన నగకు ఏ హానియు లేదు గనుక ఈ పరీక్షతోనే ఆరంభింపవలెను. పగడపు ఒంటిపై కొమ్మ పొడవున సన్నని గీతలు ఒకదాని ప్రక్క నొకటి సమాంతరముగా సాగును. కొమ్మను అడ్డముగా కోసిన ముఖమున చెట్టు మొద్దులోవలె వలయములు కనిపించును. గాజులో గుండ్రని గాలి బుడగలు, పెచ్చు లేచినచోట శంఖపు లోపలివలె నున్నని గుంట కనిపించును. ప్లాస్టిక్ పూసకు అచ్చు గీత యుండవచ్చును. ఎముకలో చిన్నచిన్న నల్లని చుక్కలు, పొట్టి గీతలు ఉండును. పాలరాయిలో పంచదార పలుకులవంటి రవ్వలు కనిపించును. గిల్సన్ పగడములోను, పొడితో అచ్చుపోసినదానిలోను ఈ సహజమైన గీతలుండవు. రంగువేసినదానిలో బెజ్జము అంచున, పగుళ్లలో రంగు ముద్దగా చేరియుండును.

రంగు అంతట ఒక్కరీతిగా లేదని మాత్రమే పగడమును తోసివేయరాదు. జపాను సముద్రపు ఎఱ్ఱ పగడములలో కొమ్మ నడుమ తెల్లని భాగముండుట సహజము.

2. ఉప్పునీటి పరీక్ష. గ్లాసుడు నీటిలో ఇక కరగదనువరకు ఉప్పు కలిపి, విడిపూసను అందులో వేయవలెను. తేలినచో అది ప్లాస్టిక్ వంటి తేలిక వస్తువు; పగడము కానే కాదు. మునిగినంత మాత్రమున పగడమని అనుకొనరాదు. గాజు మునుగును, రాయి మునుగును, బరువైన కొన్ని ప్లాస్టిక్‌లు కూడ మునుగును. పరీక్ష ముగిసినపిదప మంచినీటితో కడిగి తుడువవలెను.

3. తూకపు పరీక్ష. ఇందుకు కంసాలివద్దనుండు సున్నితమైన ఎలక్ట్రానిక్ త్రాసు కావలెను. విడిపూసను ముందుగా తూచి ఆ బరువు వ్రాసికొనవలెను. పిమ్మట త్రాసుపై నీటి గ్లాసు నుంచి, అంకెను సున్నకు తేవలెను. పూసను సన్నని దారమునకు కట్టి, గ్లాసు అడుగును గాని అంచును గాని తగలకుండ నీటిలో పూర్తిగా మునుగునట్లు చేతితో వ్రేలాడదీయవలెను. అప్పుడు త్రాసు చూపు అంకెతో మొదటి బరువును భాగింపవలెను. పూస బరువు 4 గ్రాములై, నీటిలో వ్రేలాడదీసినపుడు త్రాసు 1.5 గ్రాములు చూపినదనుకొందము. నాలుగును ఒకటిన్నరచేత భాగించిన సుమారు 2.67 వచ్చును. పగడమునకు రావలసినది 2.6 మొదలు 2.7 వరకు. ప్లాస్టిక్‌కు 1 నుండి 1.5 వరకు, ఎముకకు సుమారు 2 వచ్చును. కాని పాలరాయికి 2.7 వచ్చును. అనగా ఈ పరీక్ష ప్లాస్టిక్‌ను, ఎముకను పట్టి ఇచ్చునుగాని రంగువేసిన పాలరాయిని పట్టలేదు. నగలో పొదిగియున్న పగడమునకు ఈ పరీక్ష పనికిరాదు.

4. రంగు పరీక్ష. గోళ్లరంగును తుడుచుటకు వాడు అసిటోను ద్రవములో తెల్లని దూదిని తడిపి, పూస బెజ్జము దగ్గర, బయటికి కనబడని చోట రుద్దవలెను. దూది ఎఱ్ఱనైనచో రంగు వేసినదని తెలియును. కొందరు రంగువేసిన పూసపై రంగులేని పూత పూయుదురు గనుక దూది తెల్లగా మిగిలినంతనే నిశ్చింతగా నుండరాదు. ఈ ద్రవము తేలికగా అంటుకొనునది. పొయ్యికి, దీపమునకు దూరముగా ఈ పని చేయవలెను. ప్లాస్టిక్ అయినచో పైభాగము కరగి పాడుకావచ్చును గనుక యజమాని అనుమతి ముందుగా పొందవలెను.

5. పులుపు పరీక్ష. పగడముపై పులుపు పడిన సన్నని బుడగలు లేచును. గాజు, ప్లాస్టిక్‌లపై లేవవు. కంసాలులలో కొందరు ఈ పరీక్ష చేసి, బుడగలు లేచినవి గనుక అసలు పగడమే యని తీర్పు చెప్పుదురు. అది సరికాదు. పాలరాయిపైనను, చిప్పపైనను, రంగువేసిన వెదురు పగడముపైనను అట్టి బుడగలే లేచును, ఏలయన పదార్థమొకటే. పైగా ఈ పరీక్షవలన పగడపు నునుపు చెడును. చెడిన నునుపు సానపట్టక తిరిగి రాదు. కాబట్టి ఇంటివద్ద దీనిని చేయవద్దని మా సలహా.

ఈ సందర్భముననే గృహిణులకు ఒక మాట చెప్పవలసియున్నది. నగలను చింతపండుతోనో నిమ్మరసముతోనో తోముట మన ఇండ్లలో అలవాటు. బంగారమునకు దానివలన కీడు లేకున్నను, నగలోని పగడమును ముత్యమును ఆ పులుపు తినివేయును. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దినచో చాలును.

నమ్మరాని పరీక్షలు

పగడమును పాలలో వేసినచో పాలు ఎఱ్ఱబారవలెననియు, అదియే అసలుకు గుర్తనియు కొందరు చెప్పుదురు. ఈ మాటను కొంచెము ఆలోచించి చూడవలెను. పగడపు ఎఱుపు దాని ఒంటిలో పుట్టుకతో ఇమిడియున్న వర్ణము. పాలలో కరగి దిగదు. పాలు ఎఱ్ఱబారినచో పూసకు పూసిన రంగు వదలినదన్నమాట. మోసగాడు ఏ పరీక్షను అసలుకు సాక్ష్యముగా చూపుచున్నాడో అదియే నకిలీకి సాక్ష్యమైనది!

సూదిని ఎఱ్ఱగా కాల్చి గుచ్చుట మరియొక పద్ధతి. ప్లాస్టిక్ అయినచో కాలి వాసన వచ్చుట నిజమే. కాని ఆ సంగతి ఉప్పునీరు, త్రాసు హాని లేకుండ చెప్పగలిగినపుడు తరతరాలుగా వచ్చిన నగకు గాయము చేయనేల? చల్లగా నున్నదా, వెచ్చగా నున్నదా యని చెంపకు ఆనించి చూచుట కూడ కలదు. ప్లాస్టిక్ వెచ్చగా తోచును. గాజు, రాయి, పగడము మూడును చల్లగానే తోచును. అది మొదటి అనుమానమునకు పనికివచ్చును, తీర్పునకు పనికిరాదు.

నిశ్చయము ఎక్కడ దొరకును?

విలువైన పగడము విషయమున తుది మాట రత్నపరీక్షాశాలదే. జైపూరు, ముంబయి వంటి నగరములలో అట్టి పరీక్షాశాలలు కలవు. అచట సూక్ష్మదర్శినితో గీతల అమరికను చూతురు. లేసరు వెలుగును పూసపై ప్రసరింపజేసి, చెదరి వచ్చిన కాంతిని పరిశీలింతురు. పగడపు సహజవర్ణము ఆ కాంతిలో తనకే చెందిన గుర్తులను చూపును. వేసిన రంగు వేరు గుర్తులను చూపును. పూసకు గీతయైనను పడదు. 1928లో మన చంద్రశేఖర వేంకట రామన్ కనుగొన్న కాంతి ధర్మమే ఈ పద్ధతికి ఆధారమగుట మనకు గర్వకారణము. పరీక్షకు రుసుము, దారి ఖర్చు అగును గనుక ప్రతి చిన్న పూసకును ఇది అక్కరలేదు. పెద్ద మొత్తము పెట్టి కొనునపుడును, తగవు తీర్చవలసినపుడును మాత్రము ఈ ఖర్చుకు వెనుదీయరాదు.

కొనునపుడు తీసికొనవలసిన జాగ్రత్తలు

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె కొనునపుడే మెలకువగా నుండుట మేలు. బిల్లు లేనిదే కొనరాదు. బిల్లుపై ‘ఎఱ్ఱ రాయి’ అనియో, ‘పూస’ అనియో వ్రాసిన చాలదు. ‘సహజ పగడము, రంగు వేయనిది’ అని స్పష్టముగా వ్రాయుమని అడుగవలెను. వర్తకుడు నోటితో ధైర్యముగా చెప్పిన మాటను కాగితముపై వ్రాయుటకు వెనుకాడినచో, ఆ వెనుకాటే మనకు జవాబు.

బంగారు నగలో పొదిగిన పగడమును కొనువారు మరియొక సంగతి తెలిసికొనవలెను. 2021 జూన్ 16 నుండి బంగారు నగలపై హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి చేయబడినది. భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు, బంగారపు స్వచ్ఛత, అక్షరములు అంకెలు కలిసిన ఆరు స్థానముల గుర్తింపు సంఖ్య నగపై ఉండును. కాని ఆ ముద్ర బంగారమును గూర్చియే చెప్పును. అందులోని పగడమును గూర్చి ఏమియు చెప్పదు. ‘హాల్‌మార్కు నగ గనుక పగడము అసలే’ అను వాదము చెల్లదు. హాల్‌మార్కు నగ బిల్లులో బంగారపు నికర బరువును విడిగా చూపవలెనని నిబంధన కలదు. అది చూడకున్నచో పగడపు బరువునకు కూడ బంగారపు ధర చెల్లించిన వారమగుదుము. నకిలీ గాజుముక్కను బంగారపు ధరకు కొనుట రెండింతల నష్టము.

మోసము జరిగినదని తోచినచో 1915 నంబరుకు ఫోనుచేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమును సంప్రదింపవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము ఫిర్యాదుకు కారణమేర్పడిన నాటినుండి రెండు సంవత్సరములలోపు జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవలెను. వస్తువునకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో ఫిర్యాదుకు రుసుము లేదు. అయితే అక్కడ మొదట అడుగునది బిల్లునే.

పంచాయతీ సభ్యులు చేయదగిన పని

గ్రామసభలోనో, మహిళా సంఘముల సమావేశములోనో ఒక గంట ఈ పాఠమునకు కేటాయింపవచ్చును. కావలసిన సామగ్రి స్వల్పము: ఒక భూతద్దము, ఒక గ్లాసు, పిడికెడు ఉప్పు, కొంచెము దూది, అసిటోను, బజారులో దొరకు గాజుపూస, ప్లాస్టిక్ పూస ఒక్కొక్కటి. ఊరి కంసాలి తన త్రాసుతో వచ్చి తూకపు పరీక్షను చేసి చూపినచో అందరికిని సులభముగా బోధపడును. జాతరకు, తిరునాళ్లకు ముందు ఈ సభ జరుగుట మంచిది.

తగవు వచ్చినపుడు మూడు నియమములు పాటింపవలెను. పరీక్ష ఇరుపక్షముల ఎదుటనే జరుగవలెను. నగకు హాని చేయు పరీక్షను ఎవరి ఒత్తిడిచేతను అనుమతింపరాదు. ఇంటి పరీక్షలలో ‘కాదు’ అని తేలినదానినే చెప్పవలెను. తేలనిదానిని పరీక్షాశాలకు పంపవలెను. పంపునపుడు నగను తూచి, ఫొటో తీసి, సంచిలో నుంచి ఇరువురి సంతకములతో ముద్రవేసినచో, దారిలో మారినదను మాటకు తావుండదు.

మరియొక సంగతి. ముసలి తల్లి మెడలోని పగడాల పేరు పరీక్షలో గాజుపూసల పేరని తేలవచ్చును. అప్పుడు సభ్యుడు ఆ మాటను నలుగురిలో నవ్వులాటగా చెప్పరాదు. ఆమెకు అమ్మినవాడు తప్పుచేసెను గాని ధరించిన ఆమె తప్పుచేయలేదు. పంపకములో దానికి పగడపు వెల కట్టరాదు. ఆమె జ్ఞాపకమునకు గల విలువను తగ్గించి మాటాడరాదు. నిజమును నెమ్మదిగా, సాక్ష్యముతో, ఎవరి మనసును నొప్పింపక చెప్పగల పంచాయతీని గ్రామము నమ్మును. ఆ నమ్మకమే ఊరూర తిరుగు మోసగానికి అన్నిటికంటె పెద్ద అడ్డంకి.